సిపాయిలమా, కూలీలమా?

అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు బట్టీ పట్టాల్సిన వంద ప్రశ్నల జాబితా ఒకటి 2008 నుంచి చాలా ఏళ్లు నడిచింది. అందులో 74వ ప్రశ్న: అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పండి. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, ఆఫీసుకు వెళ్తూ వస్తూ కార్లో ఈ ప్రశ్నలు వల్లె వేసుకున్న తెలుగువాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు, ఈ మూడింటిలో ఏది చెప్పినా జవాబు సరైనదే. 1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగి, ఆరు లక్షల మందికి పైగా చనిపోయిన యుద్ధం ఎందుకొచ్చిందని అడిగి, ఏదో ఒకటి చెప్పండి చాలు అన్నట్టుంటుంది ఆ దేశ ప్రభుత్వం తీరు.

జనం మాట కూడా దాదాపు అంతే. యుద్ధం మొదలై 150 ఏళ్లు నిండిన 2011లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఒక సర్వే చేసింది. ప్రధాన కారణం రాష్ట్రాల హక్కులు అన్నవాళ్లు 48 శాతం, బానిసత్వం అన్నవాళ్లు 38 శాతం, రెండూ అన్నవాళ్లు 9 శాతం. బానిసత్వమే కారణమని విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల్లో ఎప్పుడో తేలిపోయిన విషయం బయట ఇంకా పంచాయితీలోనే ఉంది.

ఈ పంచాయితీలో, కేంద్రం జోక్యం లేకుండా తమ చట్టాలు తాము చేసుకునే హక్కు కోసమే యుద్ధం అనే రాష్ట్రాల హక్కుల పక్షం మాటిమాటికీ ఒక సాక్షిని పిలుస్తుంది. దక్షిణాది సైన్యంలో, అంటే విడిపోయిన రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ తరఫున, తుపాకీ పట్టిన నల్లజాతి సైనికుడే ఆ సాక్షి. అలాంటివాళ్లు 65 వేల మంది ఉన్నారని కొందరు, లక్ష మంది అని ఇంకొందరు చెబుతారు. వాదన వినడానికి చాలా సులువు. నల్లవాళ్లే తమ ఇష్టంతో దక్షిణాది కోసం పోరాడారంటే ఆ యుద్ధం బానిసత్వం కోసం ఎలా అవుతుంది? ఈ ఒక్క మెట్టు ఎక్కిస్తే చాలు, మిగతా దారంతా దానంతటదే సాగిపోతుంది. అందుకే ఆ సాక్షి నిజంగా ఎవరో దగ్గర నుంచి చూడాలి. అంతకంటే ముందు, యుద్ధం మొదలుపెట్టినవాళ్లు అప్పట్లో ఏమని రాసుకున్నారో చూడాలి.

ఆ కాగితాల్లో దాపరికం ఏమీ లేదు. 1860 డిసెంబరు 20న సౌత్ కరోలినా యూనియన్ నుంచి, అంటే అమెరికా సంయుక్త రాష్ట్రాల నుంచి విడిపోయింది. నాలుగు రోజులకు, ఎందుకు విడిపోయామో చెబుతూ ఒక ప్రకటన ఆమోదించింది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న చట్టాన్ని ఉత్తరాది రాష్ట్రాలు అమలు చేయడం లేదన్నది అందులో పెద్ద ఫిర్యాదు. యజమాని తన బానిసను వెంటబెట్టుకుని న్యూయార్క్ మీదుగా ప్రయాణం చేయడానికి కూడా అక్కడి కోర్టులు ఒప్పుకోవడం లేదన్నది మరొకటి. ఇక్కడ కాస్త ఆగాలి. బానిసను పట్టివ్వం అని తమ చట్టం తాము చేసుకున్నవి ఉత్తరాది రాష్ట్రాలు. అలా చేసుకునే హక్కు వాటికి లేదని గొడవ చేసింది సౌత్ కరోలినా. రాష్ట్రాల హక్కుల కోసమే యుద్ధం అనేవాళ్లు ఈ ప్రకటన తెరిచి చూసినట్టు కనిపించదు.

మిసిసిపి ఇంకా సూటిగా రాసింది. తమ స్థితి బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని, అది ప్రపంచంలోకెల్లా పెద్ద ఆస్తి ప్రయోజనమని మొదట్లోనే చెప్పింది. ఇక 1861 మార్చి 21న జార్జియాలోని సవానాలో కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ ఇచ్చిన ప్రసంగం సంగతి తెలిసిందే. నీగ్రో తెల్లవాడితో సమానం కాడన్న గొప్ప సత్యమే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అన్నాడాయన. నీగ్రో బానిసల మీద ఆస్తి హక్కును కాదనే చట్టం ఏదీ చేయకూడదని కాన్ఫెడరసీ రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

ఆర్థిక కారణాలు అనే జవాబు కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. 1860 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బానిసలు 39.5 లక్షల మంది. మనుషులకు వెల కట్టడం అసహ్యమైన పనే అయినా అప్పటి సంతల్లో కట్టారు గనక చెప్పుకోవాలి. వాళ్ల మొత్తం వెల 300 కోట్ల డాలర్లకు పైమాటే. దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా ఆ బానిసలు పండించి, ఏరిన పత్తిదే. యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను మూసేయగానే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు దూది కోసం అల్లాడాయి. వాటి చూపు ఇండియా మీద పడింది. గుంటూరు ప్రాంతపు పత్తికి కాకినాడ రేవులో గిరాకీ పెరిగింది ఆ రోజుల్లోనే. మిసిసిపి పొలంలో బానిస చేసిన చాకిరీ ప్రపంచ బజారును అంతగా మోసేదన్నమాట.

మరి రాష్ట్రాల హక్కుల మాట ఎప్పుడు ముందుకొచ్చింది? ఓడిపోయాక. కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, స్టీఫెన్స్ ఇద్దరూ యుద్ధం తర్వాత లావుపాటి పుస్తకాలు రాసి, గొడవంతా రాజ్యాంగ సూత్రాల గురించేనని, బానిసత్వం కేవలం పక్క విషయమని తేల్చారు. మూలరాయి ప్రసంగం ఇచ్చిన మనిషే ఆ మాట రాయడం గమనించాలి. 1894లో పుట్టిన యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే మహిళా సంఘం ఈ కథను బడిదాకా తీసుకెళ్లింది. మిల్‌డ్రెడ్ రూథర్‌ఫర్డ్ అనే ఆమె మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో పాఠ్యపుస్తకాలకు ఒక కొలబద్ద తయారుచేసింది. బానిసలను నిలుపుకోవడానికి దక్షిణాది పోరాడిందని రాసిన పుస్తకాన్ని తిరస్కరించాలి. బానిస యజమానిని క్రూరుడని రాసిన పుస్తకాన్నీ తిరస్కరించాలి. అలాంటివి లైబ్రరీలో ఉంటే మొదటి పేజీ మీద 'దక్షిణాదికి అన్యాయం చేసింది' అని రాసిపెట్టాలి. అలా వడకట్టిన పుస్తకాలే దక్షిణాది బడుల్లో తరతరాలు చదువుకున్నారు.

అయితే ఆ సంఘాలు గానీ, బతికున్న కాన్ఫెడరేట్ సైనికులు గానీ మా సైన్యంలో నల్ల సిపాయిలు ఉండేవారని చెప్పుకోలేదు. యజమానిని విడవని నమ్మకమైన బానిస, ఇదీ వాళ్లకు ఇష్టమైన కథ. నమ్మిన బంటు సిపాయిగా మారింది చాలా తర్వాత, 1970ల చివర్లో. పౌరహక్కుల ఉద్యమం గెలిచాక, బానిసత్వం గురించి టీవీల్లో జనం విరగబడి చూస్తున్న రోజుల్లో, ఆ పాత కథ పనికి రాకుండా పోయింది. అప్పుడు కాన్ఫెడరేట్ వారసుల సంఘాలు పాత బంటుకే కొత్త యూనిఫాం తొడిగాయి.

నిజానికి దక్షిణాది సైన్యంతో నల్లవాళ్లు నడిచారు, అందులో అనుమానం లేదు. వాళ్లు లేకపోతే ఆ సైన్యం ఒక్క వారం కూడా కదిలేది కాదు. కందకాలు తవ్వారు, కోటగోడలు కట్టారు, బండ్లు తోలారు, గుర్రాలకు గడ్డి వేశారు, వంట చేశారు, గాయపడినవాళ్లకు సేవ చేశారు. కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్‌లో ఫిరంగులు పోసిన ట్రెడెగర్ ఇనుప కార్ఖానాలో కూడా బానిసల చాకిరీ ఉంది. 1863లో దక్షిణాది సేనాని జనరల్ లీ పెన్సిల్వేనియా మీదికి పోయినప్పుడు అతని సైన్యంతో ఆరు నుంచి పది వేల మంది బానిసలు ఉన్నారని చరిత్రకారుల అంచనా. అదే దండు పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లను కూడా పట్టి, తాళ్లు కట్టి దక్షిణానికి తోలింది. దీన్నంతా తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే వెట్టి. దొర పల్లకీ మోసిన బోయీని దొర పక్షాన నిలబడ్డవాడని ఎవరూ అనరు.

ఇక ఫొటోల సంగతి. ఈ వాదనకు బలమంతా ఫొటోల్లోనే ఉంది. అన్నిటికంటే ఎక్కువ తిరిగింది 1861 ప్రాంతంలో పలుచని ఇనుప రేకు మీద తీసిన ఒక చిత్రం. ఇద్దరు యువకులు పక్కపక్కన కూర్చుని సూటిగా మనవైపు చూస్తుంటారు. ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు. ఇద్దరి ఒంటి మీదా సైనికుల కోట్లే. చేతుల్లో పొడుగాటి కత్తులు, నడుముల్లో పిస్తోళ్లు. నల్లతని ఒడిలో ఒక తుపాకీ కూడా ఉంది. కింద పేర్లు లేకుండా చూపిస్తే ఎవరైనా జోడు సిపాయిలనే అనుకుంటారు.

తెల్లతని పేరు ఆండ్రూ చాండ్లర్, 44వ మిసిసిపి రెజిమెంట్. వయసు పదహారు, పదిహేడు. రెండోవాడు సైలస్ చాండ్లర్. ఇంటిపేరు ఒకటే కావడానికి కారణం స్నేహమో చుట్టరికమో కాదు, సైలస్ ఆ కుటుంబానికి చెందిన బానిస. అతనికి ఆండ్రూ కంటే ఏడేళ్లు ఎక్కువ. ఇంటి దగ్గర భార్య ఉంది. చిన్నదొర యుద్ధానికి పోతున్నాడు గనక వెంట వెళ్లి చూసుకోవాలి, అదీ అతనికి ఇచ్చిన పని. చేతిలో ఉన్న ఆయుధాలు ఆ కాలం ఫొటో స్టూడియోల్లో ముస్తాబుకు ఉంచే సామాను కూడా కావచ్చు. 1863లో చికమాగా యుద్ధంలో ఆండ్రూ కాలికి గుండు తగిలింది. సైలస్ అతన్ని ఇంటికి చేర్చాడు. కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తర్వాత ఆండ్రూ తమ్ముడు సైన్యంలో చేరితే అతని వెంటా సైలస్‌నే పంపారు. ఒక దొర ఇంటికొస్తే ఇంకో దొర వెంట నడవాల్సినవాణ్ణి స్వచ్ఛంద సైనికుడు అనడానికి చాలా ధైర్యం కావాలి.

ఆ ధైర్యం చేసినవాళ్లున్నారు. యుద్ధానికి ముందే సైలస్‌కు స్వేచ్ఛ ఇచ్చేశారని, స్నేహం కొద్దీ తనంతట తానే వెళ్లాడని కథలు పుట్టాయి. ఆధారం మాత్రం దొరకలేదు. 1994లో కాన్ఫెడరేట్ వారసుల సంఘాలు సైలస్ సమాధి మీద సైనిక గౌరవ చిహ్నంగా ఇనుప శిలువ పెట్టాయి. సైలస్ వారసుల్లో పలువురు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 2009లో ఆ ఫొటో ఒక టీవీ షోలో కనిపించి దేశమంతా తిరిగింది. ఇప్పుడది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అక్కడి వివరంలో సైలస్ పేరు పక్కన 'కుటుంబ బానిస' అనే రాశారు.

సైలస్‌కు ముసలితనంలో పెన్షన్ వచ్చింది కదా, అది సైనికుడని ఒప్పుకున్నట్టే కదా అంటారు. మిసిసిపి 1888 నుంచి ఇలాంటివాళ్లకు పెన్షన్ ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ ఫారం సైనికులది కాదు. కాన్ఫెడరసీ సైనికుల, నావికుల నిరుపేద సేవకుల దరఖాస్తు అని దాని తల మీదే అచ్చు వేసి ఉంటుంది. ఎవరికి సేవ చేశారో ఆ యజమాని పేరు రాయాలి.

రెండో ఫొటో కథ ఇంకా ఘోరం. యూనిఫాంలో బారులు తీరిన నల్ల సైనికులు, కింద 'ఫస్ట్ లూసియానా నేటివ్ గార్డ్, 1861' అని రాత. దక్షిణాదికి నల్ల రెజిమెంట్ ఉండేదనడానికి ఇదే రుజువని ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి తిరిగింది. ఇద్దరు పరిశోధకులు దాని అసలును వెతికి పట్టుకున్నారు. అది ఫిలడెల్ఫియాలో తీసింది. అక్కడి క్యాంప్ విలియం పెన్‌లో శిక్షణ పొందిన యూనియన్ సైనికులది. అసలు ఫొటోలో ఒక చివర తెల్లజాతి యూనియన్ ఆఫీసర్ నిలబడి ఉంటాడు. నకలులో అతన్ని కత్తిరించేసి, కింద కొత్త పేరు చెక్కారు. బానిసత్వాన్ని కూల్చడానికి యూనిఫాం వేసుకున్నవాళ్లను, యుద్ధం ముగిసిన వందేళ్లకు పైగా అయ్యాక, దాన్ని కాపాడిన సైన్యంలో చేర్చేశారు.

నేటివ్ గార్డ్స్ అనే దళం మాత్రం కల్పన కాదు. న్యూ ఆర్లీన్స్‌లో తరాలుగా స్వేచ్ఛగా ఉంటున్న నల్లజాతి, మిశ్రమజాతి వ్యాపారులు, చేతిపనివాళ్లు ఉండేవారు. కొందరికి సొంత బానిసలు కూడా ఉన్నారు. 1861లో వాళ్లు లూసియానా రాష్ట్ర మిలీషియాలో ఒక దళంగా చేరారు. తుపాకులు, దుస్తులు చాలామంది సొంత డబ్బుతోనే కొనుక్కున్నారు. చుట్టూ యుద్ధోన్మాదం చెలరేగుతున్నప్పుడు దూరంగా నిలబడితే ఇల్లూ ఒళ్లూ మిగలవన్న భయం అందులో ఎంతుందో ఊహించవచ్చు. వాళ్లను కాన్ఫెడరసీ ఒక్క యుద్ధానికీ పంపలేదు. 1862 మొదట్లో మిలీషియాలో తెల్లవాళ్లే ఉండాలని రాష్ట్రం చట్టం చేసింది. ఆ ఏప్రిల్‌లో నగరం ఉత్తరాది చేతికి చిక్కింది. సెప్టెంబరుకల్లా అదే పేరుతో యూనియన్ దళం తయారైంది.

ఆంద్రే కయూ అనే అతను ఈ రెండు దళాల్లోనూ ఉన్నాడు. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, చుట్టలు చుట్టే పనిలో స్థిరపడ్డవాడు. మొదటి దళంలో లెఫ్టినెంట్, రెండోదాంట్లో కెప్టెన్. 1863 మే 27న పోర్ట్ హడ్సన్ కోట మీద దాడిలో, చెయ్యి విరిగి వేలాడుతున్నా ముందుకు నడిపిస్తూ చనిపోయాడు. జులైలో కోట లొంగేదాకా అతని శవం ఎండలో అక్కడే పడి ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన అంత్యక్రియలకు నల్లజాతి జనం వీధుల పొడవునా నిలబడ్డారు. కాన్ఫెడరేట్ నల్ల సైనికుడి కోసం వెతుకుతూ పోతే దొరికే అతికొద్దిమందిలో ఒకడు ఇలా తేలాడు.

ఎదుటి పక్షం చేతిలో ఒక గట్టి ముక్క కూడా ఉంది, దాన్ని దాచకూడదు. బానిసగా పుట్టి, పారిపోయి, ఆ వ్యవస్థ మీద జీవితమంతా పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1861 సెప్టెంబరులో తన పత్రికలో ఒక మాట రాశాడు. కాన్ఫెడరేట్ సైన్యంలో నల్లవాళ్లు వంటవాళ్లుగా, కూలీలుగానే కాదు, భుజాన తుపాకీతో నిజమైన సైనికులుగా కూడా ఉన్నారని. డగ్లస్ అంతటివాడే ఒప్పుకున్నాడంటూ ఈ వాక్యం తెగ తిరుగుతుంది. కానీ ఆ వ్యాసం లింకన్ ప్రభుత్వాన్ని పొడవడానికి రాసింది. నల్లవాళ్లను సైన్యంలోకి రానిచ్చేది లేదని ఉత్తరాది మొండికేస్తున్న రోజులవి. శత్రువు వాడుకుంటున్నాడు, మీకేం రోగం అన్నది దాని సారాంశం. అసలు ఒక్క నల్లవాడూ తుపాకీ పేల్చలేదా అంటే, పేల్చారు. బుల్ రన్ యుద్ధంలో జాన్ పార్కర్ అనే బానిసను ఫిరంగి దగ్గర నిలబెట్టారు. ఉత్తరాదికి తప్పించుకున్నాక అతను పత్రికలకు కథంతా చెప్పాడు. ఎదురుగా ఉన్నవాళ్లు గెలవాలని మనసులో కోరుకుంటూనే, ప్రాణభయంతో ఫిరంగి పేల్చామన్నాడు.

అన్నింటికంటే పెద్ద సాక్ష్యం కాన్ఫెడరసీ తనలో తాను పడ్డ గొడవే. 1864 జనవరి 2న జార్జియాలోని డాల్టన్‌లో జనరల్ పాట్రిక్ క్లెబర్న్ తోటి అధికారుల ముందు ఒక ప్రతిపాదన చదివాడు. మనుషులు అయిపోతున్నారు, బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి సైన్యంలోకి తీసుకుందాం అని. కొందరు తోటి జనరళ్లు రాజద్రోహం విన్నట్టు లేచారు. విషయం అధ్యక్షుడు డేవిస్ దాకా వెళ్లింది. దీని గురించి ఎవరూ నోరెత్తకూడదని ఆజ్ఞ వచ్చింది. సైన్యంలో అప్పటికే వేలాది నల్ల సిపాయిలుంటే ఆ ప్రతిపాదనతో అంత కంగారు ఎందుకు పడాలి?

ఏడాది గడిచేసరికి ఓటమి గుమ్మంలోకి వచ్చింది, ఇక మాట్లాడక తప్పలేదు. జనరల్ లీ కూడా నల్లవాళ్లను చేర్చుకుందామన్నాడు. అప్పుడు జార్జియా నాయకుడు హావెల్ కాబ్ 1865 జనవరిలో యుద్ధ మంత్రికి రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించిన మన సిద్ధాంతమంతా తప్పన్నమాట. ఇంత నిజాయితీ అవతలి పక్షంలో కూడా అరుదు. యుద్ధ కారణం మీద ఎన్ని పుస్తకాలు చదివినా ఈ ఒక్క వాక్యం చెప్పినంత స్పష్టంగా చెప్పేవి తక్కువ.

కాన్ఫెడరసీ సెనేట్‌లో 9 మంది అవునంటే 8 మంది కాదన్నారు. ఒక్క ఓటుతో, మార్చి 13న చట్టం వచ్చింది. యజమాని, బానిసల సంబంధంలో ఏ మార్పూ చేయడం లేదని అందులో జాగ్రత్తగా రాసుకున్నారు. అంటే యుద్ధం చెయ్యి, చేశాక కూడా బానిసగానే ఉండు. డేవిస్ ప్రభుత్వం తర్వాత నిబంధనల్లో ఆ మెలిక సవరించింది. రిచ్‌మండ్‌లో కొద్దిమందిని పోగేసి కవాతు చేయించారు. ఏప్రిల్ మొదటి వారంలోనే రిచ్‌మండ్ పడిపోయింది, 9న లీ లొంగిపోయాడు. అరవై ఐదు వేలు అనే లెక్క నిలబడాల్సింది ఈ మూడు, నాలుగు వారాల్లోనే.

ఉత్తరాది సైన్యంలోని నల్లవాళ్లను ఏ ఫొటో నుంచీ కత్తిరించి తేనక్కర్లేదు, రికార్డుల నిండా ఉన్నారు. సైన్యంలో సుమారు 1,79,000 మంది, నౌకాదళంలో ఇంకో 19,000. యుద్ధం ముగిసేనాటికి యూనియన్ సైన్యంలో పది మందిలో ఒకరు. 40 వేల మంది దాకా చనిపోయారు, అందులో ఎక్కువమందిని చంపింది జ్వరాలు, విరేచనాలే. సగానికి పైగా దక్షిణాది బానిస రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే.

ఉత్తరాదికి కూడా వీళ్లను సైనికులుగా ఒప్పుకోవడం అంత తేలిగ్గా రాలేదు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి కూలీ లెక్కన 10 డాలర్లు, అందులో బట్టల కింద 3 కోత. చేతికొచ్చేది 7. నల్ల సిపాయిల మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ ఆ 7 డాలర్లు అసలు ముట్టుకునేది లేదంది. 1863 జులై 18 రాత్రి ఫోర్ట్ వాగ్నర్ మీద దాడిలో కల్నల్ రాబర్ట్ గూల్డ్ షాతో సహా ఎంతోమందిని పోగొట్టుకున్నాక కూడా ఆ మాట మీదే ఉంది. ఆ రెజిమెంట్‌లోని కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్ సెప్టెంబరు 28న నేరుగా లింకన్‌కు ఉత్తరం రాశాడు. అసలు ప్రశ్న ఇదీ అంటూ అడిగాడు: మేం సిపాయిలమా, కూలీలమా?

నల్ల కాన్ఫెడరేట్ల మీద ఇప్పుడు నడుస్తున్న వాదమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. కందకం తవ్వినవాణ్ణి సిపాయి అంటున్నారు ఇవాళ. కోట ఎక్కి చచ్చినవాణ్ణి కూలీ అన్నారు ఆనాడు. గూడింగ్‌కు జవాబు కాంగ్రెస్ 1864 జూన్‌లో ఇచ్చింది, జీతాలు సమానం చేసింది. అప్పటికి ఆ ఫిబ్రవరిలోనే గూడింగ్ ఫ్లోరిడాలో గాయపడి శత్రువుకు చిక్కాడు. జులైలో ఆండర్సన్‌విల్ ఖైదులో చనిపోయాడు. సౌత్ కరోలినాలో సార్జెంట్ విలియం వాకర్ అనే అతను ఇదే జీతం గొడవ మీద తన మనుషులతో ఆయుధాలు కింద పెట్టించాడు. తిరుగుబాటు నేరం కింద 1864 ఫిబ్రవరి 29న అతన్ని కాల్చి చంపింది సొంత సైన్యమే.

శత్రువు చేతికి చిక్కితే పరిస్థితి మరీ భయంకరం. పట్టుబడ్డ నల్ల సైనికుణ్ణి యుద్ధ ఖైదీగా చూడం, బానిసల తిరుగుబాటు కింద లెక్కిస్తాం అన్నది కాన్ఫెడరసీ విధానం. 1864 ఏప్రిల్ 12న టెనసీలోని ఫోర్ట్ పిల్లో లొంగిపోతున్న సమయంలో అక్కడి నల్ల సైనికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది హతమయ్యారు. అదే కోటలో తెల్లవాళ్లలో చనిపోయింది మూడో వంతు. ఖైదీల మార్పిడిలో నల్లవాళ్లను కలపడానికి దక్షిణాది ఒప్పుకోకపోవడంతో మార్పిడే ఆగిపోయింది. రెండు పక్షాల జైళ్లూ కిక్కిరిసి వేలమంది రోగాలతో పోయారు. నల్లవాణ్ణి సైనికుడిగా గుర్తించడం కంటే తన సొంత తెల్ల సిపాయిలను జైల్లో వదిలేయడానికే సిద్ధపడింది కాన్ఫెడరసీ.

కారణం గురించి మాట్లాడేటప్పుడు ఉత్తరాదిని దేవుణ్ణి చేయాల్సిన పని కూడా లేదు. 1861లో ఉత్తరాది యుద్ధానికి దిగింది దేశం విడిపోకుండా ఆపడానికి. బానిసలను విడిపించడానికి కాదని ఆ జులైలో కాంగ్రెస్ తీర్మానమే చేసింది. దక్షిణాది ఎందుకు విడిపోయింది, ఉత్తరాది ఎందుకు తలపడింది, ఒక్కొక్క సిపాయి ఎందుకు చేరాడు, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. దక్షిణాదిలో మూడింట రెండొంతుల తెల్ల కుటుంబాలకు ఒక్క బానిస కూడా లేడు. ఆ ఇళ్ల నుంచి వెళ్లిన కుర్రాడు నా ఊరి కోసం పోరాడుతున్నా అనుకుంటే అతను అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ అతని నమ్మకం మొదటి ప్రశ్నకు జవాబు కాజాలదు. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి మొదటి ప్రశ్న పక్కన రాయడంతోనే చాలా గందరగోళం పుడుతోంది.

రెండో ప్రశ్నకు జవాబును మార్చింది బానిసలే. యుద్ధం మొదలైన నెల తర్వాత, 1861 మేలో, ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మలోరీ అనే ముగ్గురు బానిసలు వర్జీనియాలో యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకు రాత్రి పడవలో వచ్చి చేరారు. అప్పటిదాకా ఆ ముగ్గురి చేత కాన్ఫెడరసీ ఫిరంగుల దిబ్బ కట్టిస్తోంది. మర్నాడు యజమాని తరఫు అధికారి తెల్ల జెండాతో వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం అప్పగించమన్నాడు. మేం మీ దేశం కాదని వేరుపడి, మీ చట్టం మాకు కావాలంటే ఎలా అన్నట్టు కోట అధిపతి జనరల్ బట్లర్ ఒప్పుకోలేదు. శత్రువు యుద్ధానికి వాడే సామాను స్వాధీనం చేసుకోవచ్చు గనక వీళ్లనూ అలాగే ఉంచుకుంటానన్నాడు. మనిషిని సామానుగా చూసే తర్కం మొదటిసారి మనిషికి పనికొచ్చింది. ఆ వేసవి ముగిసేలోపు వందల మంది అదే కోటకు నడిచొచ్చారు. 1865 మార్చిలో లింకన్ రెండోసారి ప్రమాణం చేస్తూ, బానిసల మీది ఈ ప్రయోజనమే ఏదో రకంగా యుద్ధానికి కారణమని అందరికీ తెలుసు అన్నాడు. అందరికీ తెలుసు అన్న మాట ఎక్కువ కాలం నిలవలేదు.

వర్జీనియాలో 2010లో నాలుగో తరగతి పాఠ్యపుస్తకంలో కాన్ఫెడరేట్ జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ కింద రెండు నల్ల బెటాలియన్లు పోరాడాయని వచ్చింది. జాక్సన్ చనిపోయింది 1863 మేలో, కాన్ఫెడరసీ చట్టం వచ్చింది 1865లో. తన పిల్లల పుస్తకంలో దీన్ని చూసిన ఒక చరిత్ర ప్రొఫెసర్ బయటపెట్టారు. ఆ విషయం ఎక్కడిదని అడిగితే రచయిత్రి చెప్పిన జవాబు: ఇంటర్నెట్‌లో దొరికింది. టెక్సస్ పాఠ్యప్రణాళిక బానిసత్వాన్ని ప్రధాన కారణంగా రాయడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న నిక్కీ హేలీని న్యూ హాంప్‌షైర్‌లో ఒకరు అంతర్యుద్ధం ఎందుకొచ్చిందని అడిగారు. పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ ఆమె. సౌత్ కరోలినా గవర్నర్‌గా 2015లో చార్ల్‌స్టన్ చర్చి హత్యల తర్వాత శాసనసభ ఆవరణ నుంచి కాన్ఫెడరేట్ జెండా దింపించింది కూడా ఆమే. ప్రభుత్వం ఎలా నడవాలి, స్వేచ్ఛలు అంటూ ఏదేదో చెప్పారు, బానిసత్వం అన్న మాట నోట రాలేదు. బానిసత్వమే కారణమని మర్నాడు చెప్పారు. ఓట్ల లెక్క ఉన్నంతకాలం ఆ పాత 74వ ప్రశ్న లాంటివాటికి మూడు జవాబులు ఉంటాయనుకోవాలి.

అదే నెలలో ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానం నుంచి 1914 నాటి కాన్ఫెడరేట్ స్మారకాన్ని తొలగించారు. 2025లో తిరిగి పెడతామని రక్షణ శాఖ ప్రకటించింది. దాని మీది శిల్పాల్లో యూనిఫాంలో నడుస్తున్న ఒక నల్లజాతి మనిషి ఉంటాడు. నల్ల సిపాయికి కంచు సాక్ష్యం ఇదిగో అని చూపించేవాళ్లకు కొదవ లేదు. స్మారకం కట్టించినవాళ్ల తరఫున అప్పట్లో వచ్చిన పుస్తకంలో మాత్రం ఆ శిల్పం గురించి ఉన్నది ఇది: చిన్నదొర వెంట నడుస్తున్న నమ్మకమైన నీగ్రో సేవకుడు.

1865 ఏప్రిల్ 3న రిచ్‌మండ్‌లోకి మొదట అడుగుపెట్టిన యూనియన్ దళాల్లో నల్ల రెజిమెంట్లు ఉన్నాయి. 28వ రెజిమెంట్‌తో దాని మతబోధకుడు గార్లండ్ వైట్ కూడా వచ్చాడు. చిన్నప్పుడే తల్లి నుంచి వేరు చేసి అమ్మేస్తే, జార్జియాకు చెందిన రాబర్ట్ టూంబ్స్ కొనుక్కున్నాడు. తర్వాత కాన్ఫెడరసీకి తొలి విదేశాంగ మంత్రి అయిన టూంబ్స్ అతనే. గార్లండ్ అతని దగ్గర నుంచి కెనడాకు పారిపోయి, యుద్ధం వచ్చాక తిరిగొచ్చి సైనికులను చేర్పించాడు. ఆ రోజు వీధిలో జనం మధ్య ఒక ముసలమ్మ అతని కోసం వాకబు చేస్తోందని సిపాయిలు చెప్పారు. ఆమె వచ్చి వరసగా అడిగింది: నీ పేరేమిటి, మీ అమ్మ పేరేమిటి, ఎక్కడ పుట్టావు, నిన్ను ఎవరికి అమ్మారు. అన్నిటికీ జవాబు చెప్పాక ఆమె అంది, నువ్వు మాట్లాడుతున్నది మీ అమ్మతోనే గార్లండ్, కొడుకు కోసం ఇరవై ఏళ్లు ఏడ్చిన అమ్మతో.